కంఠమే ముఖమైన వేళ

ఉద్యోగార్థిని పిలిచి ప్రశ్నలడిగే పద్ధతికి మనవారు మౌఖిక పరీక్ష అని పేరు పెట్టారు. సంస్కృతంలో ముఖశబ్దానికి నోరు, మొగము అని రెండర్థాలున్నవి. అభ్యర్థి ఎదుట కూర్చున్నంతకాలం ఈ రెండూ పరీక్షకు లోనయ్యేవి. టెలిఫోను వచ్చి రెండవ అర్థాన్ని తొలగించివేసింది.

ఈనాడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉన్న సంస్థలు పెక్కు వచ్చిన దరఖాస్తులలోనుండి కొందరిని ఏరుకొనడానికి ముందుగా ఫోనులో మాట్లాడుతున్నవి. అందులో నెగ్గినవారికే తరువాతి పిలుపు. పల్లెటూరి విద్యార్థికి ఇది ఒక విధంగా వరమే. దారిఖర్చు లేదు, కొత్త చొక్కాతో పనిలేదు. కాని ఆ పదిహేను నిమిషాలలో అతని పదిహేనేండ్ల చదువూ కంఠం మీదనే నిలువవలసి ఉన్నది. కన్నులలోని తెలివి అవతలివారికి కనబడదు.

వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో, భిక్షురూపంతో వచ్చిన హనుమంతుని పలుకులు విని శ్రీరాముడు లక్ష్మణునితో వాటిని ప్రశంసిస్తాడు. ఆ మాటలలో సాగదీత లేదట, సందిగ్ధత లేదట, తొందర గాని జాగు గాని లేదట; స్వరం మధ్యస్థంగా ఉన్నదట. ముఖంలోను, కన్నులలోను, కనుబొమలలోను దోషం కానరాలేదని కూడ అంటాడు. ఈ కడపటి మాట ఒక్కటి తీసివేస్తే, తక్కినదంతా టెలిఫోను పరీక్షకు తగిన కొలబద్దయే.

దోషాల జాబితా కావాలంటే పాణినీయశిక్ష చూడవచ్చును. రాగం తీసేవాడు, వడివడిగా చదివేవాడు, తల ఊపేవాడు, వ్రాసినది చూచి చదివేవాడు, అర్థమెరుగనివాడు, కంఠబలం లేనివాడు అని ఆరుగురు అధమపాఠకులను అది పేర్కొన్నది. ఫోనులో తల ఊపితే ఎవరు చూస్తారని అనుకొనరాదు. “అవును” అనడానికి మారుగా తల ఊపి ఊరకుంటే అవతలివారికి వినబడేది మౌనమే. ఫోనులో మౌనం ఆలోచనగా తోచదు. లైను తెగినట్లు తోస్తుంది. కనుక “ఒక్క క్షణం ఆలోచించి చెబుతానండి” అని నోటితో చెప్పి, ఆ తరువాతనే ఆలోచించవలెను.

ఆరుగురిలో నాలుగవవాడే నేడు ఎక్కువగా కనబడుతున్నాడు. ఎవరూ చూడరు గదా అని జవాబులన్నీ కాగితం మీద వ్రాసుకొని కూర్చోవడం మన పిల్లలకు అలవాటైనది. మా విద్యార్థి ఒకడు అట్లే తన్ను గురించి చెప్పుకొంటూ పోతుండగా, అధికారి మధ్యలో ఆపి, “బాబూ, కాగితం పక్కన పెట్టి మాట్లాడండి” అన్నాడట. చదివేవాని గొంతుకూ, చెప్పేవాని గొంతుకూ గల భేదం చెవికి ఇట్టే తెలిసిపోతుంది. కాగితం ఉండవద్దని కాదు. తన దరఖాస్తు, సంస్థ చేసే పనిని గురించి నాలుగు ముక్కలు, తేదీలు, తాను అడగదలచిన రెండు ప్రశ్నలు ఉంటే చాలును. వాక్యాలు మాత్రం ఉండరాదు.

యంత్రం వల్ల కలిగే చిక్కు మరొకటి ఉన్నది. పాత టెలిఫోను మార్గాలు సెకనుకు సుమారు 300 నుండి 3400 కంపనాలు గల ధ్వనులనే మోసేవి. స, శ వంటి ఊష్మాల బలం చాలవరకు అంతకు పైనే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలలో ‘ఎస్’ చెబితే ‘ఎఫ్’ అని వినబడడానికి కారణమిదే. కొత్త ఫోనులలో ఈ హద్దు విస్తరించినది గాని, ప్రతి పిలుపుకూ ఆ సౌకర్యం దొరకదు. తెలుగులోనైనా అరవైకీ, ఇరవైకీ మధ్య ఒక్క అచ్చే గదా తేడా! అంకెలను “ఆరు, సున్న” అని విడదీసి చెప్పడం, వినబడని ప్రశ్నను మరల అడగడం మర్యాదకు లోపం కాదు.

ముందునాడే అదే వేళకు, సిగ్నలు బాగుగా అందే నిశ్శబ్దమైన చోటు చూచుకొనవలెను. బస్సులో ఉండగా పిలుపు వస్తే, ఆ సంగతి చెప్పి, అరగంట గడువు కోరవచ్చును. తెలియని ప్రశ్నకు తెలియదనడమే మేలు.

తెలుగు మాధ్యమంలో చదివినవారు తమ ఇంగ్లీషు యాసకు భయపడి వేగం పెంచుతారు. యాస నేరం కాదు. మాట మాటకూ ఎడం లేకపోవడమే ముప్పు. ఉత్తమపాఠకుని ఆరు గుణాలలో పాణినీయశిక్ష అక్షరవ్యక్తినీ, పదచ్ఛేదాన్నీ, ధైర్యాన్నీ కూడ చేర్చినది.

ఇవి పరీక్షకు ముందురోజు అబ్బేవి కావు. తరగతిలో బిగ్గరగా చదివించే అలవాటు సన్నగిల్లినది. ఉపాధ్యాయులు వారానికొకమారు ఇద్దరు విద్యార్థులను వీపు వీపు ఆనించి కూర్చుండబెట్టి, ఒకరిచేత చెప్పించి, విన్నదానిని రెండవవారిచేత వ్రాయించి చూడండి. వ్రాసినదానిలో తప్పున్నచోట చెప్పినవానిని మరల చెప్పమనండి. అతని మాట ఎక్కడ జారిపోతున్నదో అతనికే తెలుస్తుంది.