అమ్మకు క్యాన్సర్ వస్తే నాకూ వస్తుందా?

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న తల్లి పక్కన కూర్చున్న కూతురు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది. దీనికి ఓపికగా జవాబు చెప్పడమే పనిగా ఉన్నవారు జెనెటిక్ కౌన్సెలర్లు.

ముందుగా ఒక మాట. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 5 నుండి 10 మాత్రమే వంశపారంపర్యమైనవి. అందుచేత కౌన్సెలరు మొదట రక్తం తీయించరు, వంశవృక్షం గీస్తారు. మూడు తరాలలో ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో వచ్చిందో అడుగుతారు. మనవాళ్లు అమ్మ వైపు సంగతులు చెప్పి ఊరుకుంటారు. మేనత్తకు పెళ్లయి ఇంటిపేరు మారినా రక్తం మారదు కదా! ఏ జబ్బూ లేని తండ్రి నుండి కూడా ఈ లోపం కూతురికి రావచ్చు.

బి.ఆర్.సి.ఎ.-1 అనే జన్యువును 1994లో గుర్తించారు. అందులో లోపం ఉందని తేలితే "మీకు ప్రమాదం ఎక్కువ" అని చెప్పి పంపడం మంచి కౌన్సెలరు పద్ధతి కాదు. ఆ మాట ఒకరికి మరణశిక్షలా, మరొకరికి ఉత్తమాటలా వినిపిస్తుంది. "ఇలాంటి 100 మంది స్త్రీలలో జీవితకాలంలో 60 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది, మిగిలినవారికి రాదు" అని రెండు వైపులా చెబుతారు. పోల్చుకోవడానికి, అమెరికాలో సాధారణ స్త్రీలలో ఈ సంఖ్య 100కి సుమారు 13. "రెట్టింపు" అనే మాటతో జాగ్రత్త: నూటికి 1 కాస్తా 2 అయినా రెట్టింపే, 20 కాస్తా 40 అయినా రెట్టింపే.

అన్నిటికన్నా తికమక పెట్టేది "సగం అవకాశం". ఇద్దరు కూతుళ్లున్న ఒక తల్లి, "పెద్దదానికి లోపం ఉందన్నారు, ఇక చిన్నది బతికిపోయినట్టే" అని సంతోషించింది. అలా కాదు. ప్రతి బిడ్డకూ రూపాయి బిళ్ళ మళ్లీ కొత్తగా ఎగరేసినట్టే. అందుకే చివరలో కౌన్సెలరు, "ఇంటికెళ్లి మీవారికి ఏమని చెబుతారు?" అని అడిగి, ఆమె నోటనే చెప్పించుకుంటారు.

వీలైతే మొదట జబ్బు వచ్చినవారికే పరీక్ష చేయాలి. ఆమెలోని లోపం తెలియకుండా కూతురికి "లేదు" అని వచ్చినా పూర్తి ధైర్యం చెప్పలేము. ఒక్కోసారి "అర్థం తేలని మార్పు" అని రిపోర్టు వస్తుంది. దాన్ని చూసి ఆపరేషన్‌కు తొందరపడకూడదు.

పెళ్లి కావలసిన పిల్లల తల్లిదండ్రులు నలుగురికీ తెలుస్తుందని జంకుతారు. పరీక్ష చేయించుకోవాలా, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నది పరీక్ష చేయించుకునే వ్యక్తి నిర్ణయమే. ఈ పరీక్ష 18 ఏళ్లలోపు పిల్లలకు సాధారణంగా చేయరు.