రెండు ఫిల్సుల దీపం

2016 జూలై 21వ తేదీన కువైట్‌లోని మిత్రిబాలో ఉష్ణోగ్రత 53.9 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆసియా ఖండంలో అదే అత్యధికమని ప్రపంచ వాతావరణ సంస్థ తదుపరి ధ్రువీకరించింది. ఇట్టి దేశంలో ఎయిర్ కండిషనర్ విలాసవస్తువు కాదు, ప్రాణావసరం. తాగునీరు సైతం సముద్రజలాన్ని విద్యుదుత్పత్తి కేంద్రాల చెంతనే శుద్ధి చేయగా లభించేదే.

కాబట్టి ప్రభుత్వం 1966లో యూనిట్ ధరను 2 ఫిల్సులుగా నిర్ణయించి, అర్ధశతాబ్దం పాటు మార్చలేదు. వెయ్యి యూనిట్లు వాడిన గృహస్థు చెల్లించవలసింది రెండు దీనార్లు మాత్రమే! ఉత్పత్తి వ్యయం అంతకు ఎన్నో రెట్లు. ఆ వ్యత్యాసాన్ని ఖజానా భరిస్తూ వచ్చింది. అనగా విద్యుత్ విపణిలో ప్రభుత్వ జోక్యం అన్నది అక్కడ కొత్తది కాదు. ధరలోనే అది ఇమిడి ఉంది.

చమురు ధరలు పడిపోయిన తరుణంలో, 2016లో పార్లమెంటు ఛార్జీల పెంపునకు చట్టం చేసింది. వ్యాపార సంస్థలకు 25 ఫిల్సులు, అద్దె అపార్ట్‌మెంట్లకు 5 ఫిల్సులు నిర్ణయమయ్యాయి; పౌరుల సొంత నివాసాలకు మాత్రం మినహాయింపు లభించింది. ప్రవాస కుటుంబాలలో అధికభాగం అపార్ట్‌మెంట్లలోనే నివసిస్తున్నందున ఆ భారం ఎవరి గుమ్మం తట్టిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక సౌరశక్తి మాటకు వద్దాం. 2030 నాటికి విద్యుత్తులో 15 శాతం పునరుత్పాదక వనరుల నుండి పొందాలని 2012లో కువైట్ సంకల్పించింది. షగాయా ఎడారిలో 70 మెగావాట్ల తొలిదశ 2019 నాటికి సిద్ధమైంది. కాని 1,500 మెగావాట్ల దిబ్దిబా సౌర పథకాన్ని 2020లో, కరోనా కాలంలో, ప్రభుత్వమే రద్దు చేసింది. 2024లో గరిష్ఠ డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది. ఆ ఏడాది జూన్‌లో ఎండలకు తాళలేక కొన్ని ప్రాంతాలలో కోతలు విధించక తప్పలేదు.

ఎండకు కొదవలేని చోట సౌరఫలకాలు ఎందుకు విస్తరించలేదు? యూనిట్ రెండు ఫిల్సులకు దొరుకుతుంటే, వేల దీనార్లు వెచ్చించి మిద్దెపై ఫలకాలు అమర్చుకునేవారెవరు? ఆ పెట్టుబడి జీవితకాలంలోనైనా తిరిగి రాదు. కనుక ప్రైవేటు గృహస్థు ముందుకు రాడు, ప్రభుత్వమే పూనుకోవాలి, ప్రభుత్వ ఖజానాయేమో చమురు ధరతోపాటు లేచి పడుతుంది.

ఇది తెలుగువారు ఎరుగని చిక్కు కాదు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించినప్పుడు రైతుకు ఊరట కలిగింది. భూగర్భజలాల గురించిన ఆందోళనా వెన్నంటే వచ్చింది. అయితే ఇళ్లకు స్లాబుల పద్ధతి కూడా మనవారికి సుపరిచితమే: అవసరమైనంత వరకు చౌక, ఆపై వాడకం పెరిగేకొద్దీ ధర అధికం.

ప్రభుత్వం తప్పుకుంటే మండుటెండలో పేదవాని గది కొలిమి అవుతుంది. కాబట్టి జోక్యం ఉండవలసిందే. అయితే అది మనిషి అవసరానికి అండగా నిలవాలి గాని, ఖాళీ గదిలో రేయింబవళ్లు నడిచే ఏసీకి కాదు.