మామిడిచెట్టు క్రింది నేల

నూజివీడు చిన్నరసము పేరు వినగానే ముంజేతిపై కాఱు రసము జ్ఞాపకమునకు రాని గృహిణి మనలో నుండదు. పండును మెచ్చుకొనుటయే గాని, ఆ చెట్టెట్టి నేలపై నిలిచియున్నదో మనము విచారించినవారము కాము. గడచిన వైశాఖమున మేమచటి యొక తోటకు పోయి, పండ్లకంటె నేలనే యెక్కువసేపు చూచుచు నిలిచితిమి.

చెట్టునకును చెట్టునకును నడుమ నొక్క గడ్డిపోచయైన లేదు. కలుపు మొలవరాదని పలుమార్లు దున్ని, రాలిన యాకు నూడ్చి కాల్చి, నట్టింటివలె శుభ్రముగా నుంచిరి. ఇల్లాండ్రకు ముచ్చట గొలుపు శుభ్రతయే గాని, ఎఱ్ఱనేల కది చేటు. నీడలేని మన్ను ఎండకు మాడి సారమును గోల్పోవును. తొలివాన చినుకుల తాకిడికి పైపొర యలికినట్లు గట్టిపడి నీటిని లోనికి పోనీయదు. ఒక యెకరముపై నొక యంగుళము వాన కురిసినచో లక్ష లీటర్లకు మించిన నీరగును! అందు చాలభాగము పైమంటిని కడుగుకొని వాగుపాలగును. ఆ పిమ్మట నీటికై బోరుబావులను మఱింత లోతునకు దింపుదురు.

దీనికి తోడు ఋతువులు గతి తప్పినవి. వాన లేని దినములు పెరిగి, కురిసిననాడు కుండపోతగా కురియుచున్నది. మామిడి పూయుటకు మార్గశిర పుష్యమాసముల చలిరాత్రులు కావలెను. చలి చాలకున్న పూతకు బదులు చిగురు వచ్చును. పూతపై నకాలవర్షమో పొగమంచో పడెనా, తెగుళ్లును తేనెమంచు పురుగును తరుముకొని వచ్చును. రెండేండ్లు వరుసగా పూత తప్పిన రైతునకు తోటను గొట్టించి పామాయిలు నాటుదమను తలంపు పుట్టుట వింత కాదు. కాని యా చెట్టొక్కటి వేసవిలో దినమునకు సుమారు 200 లీటర్ల నీరు కోరును. దాహముతో నున్న నేల కిదెట్టి మందో చదువరులే చెప్పవలెను.

ఇట్టి నేలను మరల బ్రతికించు నుపాయము మన పెండ్లిపందిరిలోనే కలదన్న నవ్వకుడు. పాలికలలో నవధాన్యములు పోసి మొలకెత్తించునది మన ముత్తైదువలే గదా! 2016 నుండి రైతు సాధికార సంస్థవారు ప్రకృతి వ్యవసాయమును ముఖ్యముగా స్త్రీల పొదుపు సంఘముల మూలముననే వ్యాపింపజేయుచున్నారు. అనంతపురపు మెట్టలలో 2018 ప్రాంతమున తొలకరికి ముందే విత్తు పద్ధతి నారంభించిరి. కందులు, పెసలు, అలసందలు, ఉలవలు, నువ్వులు, సజ్జలు, జనుము మున్నగు పలువిధముల గింజలను కలిపి, బంకమన్ను, బూడిద, ఘనజీవామృతపు పొడి పొరలుపొరలుగా పట్టించి యారబెట్టుదురు. పేడ, బెల్లము, పప్పులపిండి కలిపి పులియబెట్టి యెండించిన యెరువే ఘనజీవామృతము. సున్నియుండలు చుట్టు చేతుల కిదియొక పనియా! ఎండలలోనే చల్లి పైన గడ్డి కప్పినచో, మంటిపూత చీమలనుండి పక్షులనుండి గింజను గాచును; చిన్నజల్లునకే మొలక లేచును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే గల యనంతపురమున సాగిన పని, ఇంచుమించు రెట్టింపు వాన పడు నూజివీటిలో సాగకుండునా?

2024లో లిస్బన్ నగరమున గుల్బెంకియన్ సంస్థవారి బహుమానమును ఈ ప్రకృతి వ్యవసాయ యుద్యమము ఒక భూసార శాస్త్రజ్ఞునితోను, ఈజిప్టు దేశపు సంస్థ యొకదానితోను పంచుకొన్నది. దాని నందుకొన్నవారిలో నొక యాంధ్ర రైతుమహిళ యుండుట మాకు మిక్కిలి సంతోషము గూర్చినది.

మామిడితోటలో నొక మెలకువ యవసరము. పూతకు ముందు రెండు మూడు నెలలు చెట్టు బెట్టకు నుండవలెను. కావున నీ పైరు నాశ్వయుజమునకు మునుపే కోసి పాదులలో పఱవవలెను. అది యచటనే మురిగి మన్నును మెత్తన చేయును. వేసవిలో తేమను గాచును. వాలునకడ్డముగా కందకములు త్రవ్వినచో వాన నీరు మఱికొంత నిలుచును. చలిరాత్రులను మాత్రమీ మొలకలు తేజాలవు. ఆ మాట దాచుట న్యాయము కాదు.

మేము పోయిన తోట యజమానురాలు ఇదంతయు మాకంటె నెక్కువగా నెఱిగియున్నది. ఈ యేడు అరయెకరమున మాత్రము చల్లుటకు పెనిమిటిని ఒప్పించితిననియు, తక్కిన తోట వాడుక ప్రకారమే దున్నుదురనియు చెప్పినది. వసారాలో చేటనిండ విత్తనపు గుళికలు ఆరుచున్నవి.