గడ్డకట్టేదాకా కావలి

కెనడాలోని మానిటోబా రాష్ట్రానికి ఉత్తరపు కొసన, హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ అనే చిన్న ఊరుంది. 2021 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 870 మంది. బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. విమానంలో దిగాలి, లేదంటే విన్నిపెగ్‌లో రైలెక్కి సుమారు 1,700 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. దారిలో గోధుమ చేలు వెనక్కి పోయి అడవులు వస్తాయి. పోనుపోను ఆ అడవులూ పొట్టివైపోతాయి. చివరికి మిగిలే స్ప్రూస్ చెట్లకు ఒకవైపే కొమ్మలుంటాయి. రెండోవైపు కొమ్మల్ని ఉత్తరపు గాలి ఏళ్ల తరబడి కొట్టి ఎండబెట్టేసి ఉంటుంది. ఆ తర్వాత చెట్టు లేదు. టండ్రా నేల, దాని అవతల సముద్రం.

అక్టోబరులో ఈ నేల రంగు మార్చుకుంటుంది. ఎర్రబారిన మరుగుజ్జు బర్చ్ ఆకులు రాలిపోతాయి. ప్టార్మిగన్ అనే అడవికోడి గోధుమరంగు ఈకలు వదిలి కాలి వేళ్లదాకా తెల్ల ఈకలు తొడుక్కుంటుంది. ఆర్కిటిక్ నక్క బొచ్చూ తెల్లబడుతుంది. మంచుబాతుల గుంపులు అప్పటికే దక్షిణానికి వెళ్లిపోయి ఉంటాయి. మన దగ్గర కార్తీక స్నానాలు సాగే ఆ రోజుల్లో అక్కడి ఒడ్డు వెంట ధ్రువపు ఎలుగులు ఒక్కొక్కటే వచ్చి చేరుతాయి. సముద్రం గడ్డకట్టడం కోసం ఎదురుచూస్తాయి.

ఆ ఎదురుచూపుకీ ఊరికీ మధ్య నిలబడేవాళ్లు కొద్దిమంది. వాళ్లు మానిటోబా ప్రభుత్వపు సంరక్షణాధికారులు. చలికాలం కాలుపెట్టే ఆ వారాల్లో వాళ్ల పనంతా ఒక్కటే. ఎలుగు ఆకలి ఊరి గుమ్మం తొక్కకూడదు, ఊరి భయం ఎలుగు ప్రాణం తీయకూడదు. రెండింటికీ వాళ్లే కాపు.

ఉప్పునీరు మంచుగా మారే వేళ

ధ్రువపు ఎలుగుకు వేటస్థలమూ, నడిచే దారీ, జతకట్టే పందిరీ అన్నీ సముద్రపు మంచుగడ్డే. దాని తిండి సీల్. నీటిలో ఈదే సీల్‌ను అది అందుకోలేదు. ఊపిరి కోసం సీల్ మంచుగడ్డలో చేసుకున్న రంధ్రం పక్కన కదలకుండా గంటల తరబడి కాచుకుని, తల పైకి రాగానే పట్టుకోవాలి. మంచు లేనిచోట ఆ వేట సాగదు. హడ్సన్ అఖాతంలో వేసవికి మంచంతా కరిగిపోతుంది. ఎలుగులు ఒడ్డెక్కుతాయి. ఇక నవంబరుదాకా పస్తే. బెర్రీలు, సముద్రపు నాచు, పక్షి గుడ్లు దొరికితే నోట వేసుకుంటాయి కానీ ఆ ఒంటికి అవి ఏ మూలకూ రావు. వసంతంలో తిన్న సీల్ కొవ్వును కరిగించుకుంటూ, రోజుకు సుమారు కిలో చొప్పున తగ్గుతూ కాలం గడుపుతాయి.

అవి చర్చిల్ చుట్టుపక్కలే ఎందుకు చేరతాయన్నది నీటి కథ. హడ్సన్ అఖాతంలో ప్రవాహాలు గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతాయి. వాయవ్యపు గాలి చలిని మోసుకొచ్చి పడమటి ఒడ్డుకు కొత్త మంచును నెడుతుంది. దీనికి తోడు చర్చిల్ నది తెచ్చిపోసే మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఒడ్డు వెంట పరుచుకుంటుంది. ఉప్పునీరు గడ్డకట్టాలంటే మైనస్ 1.8 డిగ్రీలదాకా చల్లబడాలి, మంచినీటికి సున్నా చాలు. అందుకే అఖాతంలో మిగతా చాలా తీరాలకంటే ముందు ఈ తీరాన నీరు గడ్డకడుతుంది. ఈ సంగతి తల్లి ఎలుగుల వెంట తిరిగిన పిల్లలకు ఎరుకే. అవి పెద్దవై మళ్లీ ఇక్కడికే వస్తాయి.

ఆ మంచు పుట్టుక చూడదగ్గ వింత. మొదట నీటి పైపొరలో సన్నటి స్ఫటికాలు లేస్తాయి. అవి దగ్గరపడి నీటి మీద నూనె పరిచిన మెరుపు తెస్తాయి. అలల కదలికకు ఆ ముద్ద విడివడి, ఒకదానికొకటి రాసుకుని, అంచులు పైకి లేచిన గుండ్రటి బిళ్లలవుతుంది. పెనం మీద పక్కపక్కనే పోసిన ఊతప్పాల్లా అవి కిలోమీటర్ల పొడవునా తేలుతుంటాయి. చలి ముదిరేకొద్దీ బిళ్లలు అతుక్కుంటాయి. గడ్డకడుతున్న నీరు తనలోని ఉప్పును కిందికి నెట్టేస్తుంది. మంచు దళసరి అవుతుంది.

ఈలోగా ఎలుగులకు మరో పని ఉండదు. ఒడ్డున విల్లో పొదల చాటున పడుకుంటాయి. మగ ఎలుగులు వెనక కాళ్ల మీద లేచి ఒకదాన్నొకటి కౌగిలించుకుని కుస్తీ పడతాయి. అవి 350 నుంచి 600 కిలోల బరువున్న దేహాలు. మెడ మీద పళ్లు పెడతాయి గానీ గట్టిగా దించవు. కాసేపటికి వేడెక్కిపోయి మంచులో బోర్లా పడుకుంటాయి. తెల్ల బొచ్చు కింద దాని చర్మం నలుపు, దాని కింద మందమైన కొవ్వు. మనకు వణుకు పుట్టించే గాలిలో దానికి ఉక్కపోత.

ఫోను మోగితే

ఆకలిగొన్న ఎలుగుకు ముక్కే దారి చూపిస్తుంది. మంచు కింద ఉన్న సీల్ వాసన కూడా కిలోమీటరు దూరం నుంచి పసిగట్టే ముక్కది. ఊళ్లో వేగే మాంసం, పెంపుడు కుక్కల తిండి, చెత్తడబ్బా వాసన దానికి ఎంతమాత్రం దూరం కాదు. ఎలుగు కనిపిస్తే చేయాల్సిన ఫోను నంబరు చర్చిల్‌లో అందరికీ తెలుసు. పగలైనా రాత్రైనా అవతలివైపు ఒక సంరక్షణాధికారి ఉంటాడు. చీకటి ఉండగానే బండ్లు ఊరి పొలిమేర వెంట తిరగడం మొదలవుతుంది. బడికి పిల్లలు బయల్దేరకముందే పొదలు, రాళ్ల గుట్టలు, ఒడ్డు అన్నీ చూసి రావాలి. మంచు మీద కొత్త అడుగులున్నాయా, ఉంటే ఎటు పోతున్నాయి అన్నది చదవాలి.

ఎలుగు కనిపిస్తే మొదటి ప్రయత్నం దాన్ని వచ్చిన దారినే పంపేయడం. బండి హారన్ మోగిస్తారు. పెద్ద చప్పుడుతో పేలే తూటాలు ఆకాశంలోకి వదులుతారు. అవసరమైతే రబ్బరు తూటాలు వాడతారు, హెలికాప్టర్‌తో అదిలిస్తారు. ఇందులో మెలకువంతా దిక్కు చూసుకోవడంలోనే ఉంది. ఎలుగు వెనక ఊరుండాలి, ముందు ఖాళీ నేల ఉండాలి. తొందరపడి తప్పు చోట నిలబడి చప్పుడు చేస్తే బెదిరిన ఎలుగు నేరుగా ఇళ్ల మధ్యకు దూకుతుంది. అధికారి తన బండిని అడుగడుగునా జరుపుకుంటూ, ఎలుగు తల ఎటు తిప్పుతుందో చూస్తూ, పారిపోవడానికి దానికి ఒక దారి తెరిచి ఉంచుతాడు.

పదే పదే తిరిగొచ్చే ఎలుగు కోసం బోన్లు పెడతారు. అవి చక్రాల మీద నిలబెట్టిన పెద్ద ఇనుప గొట్టాలు. లోపల సీల్ మాంసం ఎర. ఎలుగు ఎరను లాగితే వెనక తలుపు దిగిపోతుంది. కొన్నిసార్లు మత్తు సూది విసరాల్సి వస్తుంది. మత్తులోనూ దాని కళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి అవి ఎండిపోకుండా మందు వేసి, గుడ్డ కప్పుతారు. బరువు, కొలతలు తీస్తారు. చెవికి బిళ్ల తగిలిస్తారు, పెదవి లోపల నంబరు పచ్చబొట్టు పొడుస్తారు. మళ్లీ వచ్చిన రోజున ఆ ఎలుగు చరిత్ర మొత్తం ఆ నంబరే చెబుతుంది.

తిండి పెట్టని చెర

పట్టిన ఎలుగును చంపడమా, వదిలేయడమా అన్న ప్రశ్నకు చర్చిల్ ఒక మూడో జవాబు కనిపెట్టింది. ఊరి బయట పాత సైనిక స్థావరపు భవనం ఒకటుంది. అందులో ఎలుగుల కోసం 28 గదులు కట్టారు. బలమైన గోడలు, ఇనుప ఊచలు. అక్కడ ఎలుగుకు నీళ్లో మంచో ఇస్తారు, తిండి మాత్రం పెట్టరు. వినగానే కటువుగా అనిపిస్తుంది. కానీ ఆ కాలంలో బయటున్నా అది ఎలాగూ పస్తే ఉంటుంది. మనిషి దగ్గరికి వెళితే కడుపు నిండుతుందన్న పాఠం ఒక్కసారి నేర్చుకుందంటే, ఆ ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది. ఏదో ఒక రోజు తుపాకీ గుండుకు బలవుతుంది. కాబట్టి ఈ చెరలో నేర్పే పాఠం ఒకటే, ఇక్కడ నీకేమీ దొరకదని.

కొన్ని వారాలు ఉంచాక, లేదా గదులు నిండిపోయినప్పుడు, ఎలుగుకు మత్తిచ్చి, బలమైన వలలో చుట్టి, హెలికాప్టర్ కింద వేలాడదీసి ఊరికి ఉత్తరంగా పదుల కిలోమీటర్ల అవతల దింపుతారు. తల్లితోపాటు పట్టుబడ్డ చిన్న పిల్లల్ని వలలో వేయరు. అధికారులు వాటిని తమ దగ్గరే హెలికాప్టర్ లోపల కూర్చోబెట్టుకుని తీసుకెళతారు. అఖాతం గట్టిగా గడ్డకట్టిన రోజున మిగిలిన గదుల తలుపులూ తెరుచుకుంటాయి. పలచటి మంచు మీద ఎలుగు ఒడుపుగా పోతుంది. 30 సెంటీమీటర్లదాకా వెడల్పుండే పాదాలను దూరంగా చాచి, పొట్ట దించి, బరువును పంచుకుంటూ పాకుతుంది.

పిల్లల పండుగ, పెద్దల పహరా

అక్టోబరు 31న హాలోవీన్. వేషాలు కట్టిన పిల్లలు చీకటి పడ్డాక ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పండుగ. ఎలుగులు ఒడ్డున కిక్కిరిసి ఉండే రోజులూ అవే. చర్చిల్ తన పిల్లల పండుగను మానేయలేదు. చీకటి పడకముందే హెలికాప్టర్ ఊరి చుట్టూ గాలిస్తుంది. సంరక్షణాధికారులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది తమ బండ్లతో ఊరి అంచుల్లో కాపలా నిలబడతారు. తెల్ల వేషం వేయకూడదన్నది అక్కడి పిల్లలకు పెద్దలు చెప్పే జాగ్రత్త. వీధిలో తెల్లగా కదిలేది ఏదో ఒక్క చూపులో తేలిపోవాలి. వెంటపడ్డ ఎలుగు నుంచి ఎవరైనా చప్పున లోపలికి దూరడానికి వీలుగా ఇళ్లకూ కార్లకూ తాళం వేయని అలవాటు కూడా ఆ ఊరిదే.

ఈ క్రమశిక్షణ ఊరికే రాలేదు. ఒకప్పుడు ఊరి చెత్తకుప్ప మీద ఎలుగులు గుంపులుగా మేసేవి. వాటిని చూడటానికి జనం కార్లలో వచ్చేవారు. ఇళ్ల మధ్యకు వచ్చిన ఎలుగుకు తుపాకీయే సమాధానం. 1983 నవంబరులో కాలిపోయిన ఒక హోటల్ శిథిలాల్లోంచి మాంసం తీసుకుని బయటికొచ్చిన ఒక మనిషిని ఎలుగు వీధిలోనే చంపేసింది. ఆ తర్వాత ఊరు తన అలవాట్లను ఒక్కొక్కటిగా మార్చుకుంది. 2005లో బయటి చెత్తకుప్పను మూసేసింది. 2013లో ఒక దాడిలో ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు గానీ, 1983 తర్వాత చర్చిల్‌లో ఎలుగు చేతిలో ఎవరూ చనిపోలేదు. ఏమీ జరగకపోవడమే ఈ ఉద్యోగానికి గెలుపు. అలాంటి గెలుపుకు ఫొటోలుండవు, వార్తలుండవు. అయినా ప్రతి శీతాకాలపు అంచునా దాన్ని కొత్తగా సంపాదించాలి.

మట్టి గర్భంలో మరో నిరీక్షణ

అన్ని ఎలుగులూ ఒడ్డున మంచు కోసం కాచుకుని ఉండవు. చర్చిల్‌కు ఆగ్నేయంగా 11,475 చదరపు కిలోమీటర్ల వాపుస్క్ జాతీయ వనం ఉంది. దాన్ని 1996లో ఏర్పాటు చేశారు. చూలుతో ఉన్న ఎలుగులు లోనికి నడిచి వెళ్లి, ఏటి గట్లలో నాచు పేరుకుని ఏర్పడ్డ పీట్ నేలను తవ్వి గుహ చేసుకుంటాయి. అడుగున నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. తర్వాత హిమపాతం ఆ గుహ మీద కప్పు వేస్తుంది.

ఈ తల్లి కడుపులోనూ ఒక ఎదురుచూపు ఉంది. వసంతంలో జతకట్టినా, ఫలదీకరణ చెందిన అండం వెంటనే గర్భాశయానికి అంటుకోదు. శరత్తుదాకా ఆగుతుంది. తల్లి ఒంట్లో చాలినంత కొవ్వు లేకపోతే ఆ చూలు నిలవదు. నిలిస్తే, నడిశీతాకాలంలో అరకిలో పైచిలుకు బరువుతో పిల్లలు పుడతాయి. తల్లి దాదాపు ఎనిమిది నెలలు ఏమీ తినకుండానే వాటికి చిక్కటి పాలిచ్చి పెంచి, శీతాకాలం చివర్లో వాటిని మంచు మీదికి నడిపిస్తుంది. అంటే పుట్టబోయే పిల్లలెన్నో తేల్చేది అంతకుముందు వసంతంలో మంచు ఎన్నాళ్లు నిలిచిందన్న లెక్కే.

ఆ లెక్కే ఇప్పుడు తప్పుతోంది. భూమి వేడెక్కేకొద్దీ మంచు ముందుగా కరుగుతోంది, ఆలస్యంగా పడుతోంది. 1980లతో పోలిస్తే ఈ ఎలుగులు ఒడ్డున గడిపే కాలం దాదాపు మూడు నాలుగు వారాలు పెరిగింది. 1980ల చివర్లో పశ్చిమ హడ్సన్ అఖాతంలో సుమారు 1,200 ఎలుగులుండేవని అంచనా. 2016 గణనలో అవి 842, 2021లో 618. పస్తు పొడవైతే ఒళ్లు చిక్కుతుంది, చిక్కిన ఎలుగుకు భయం తగ్గుతుంది. అందుకే సంఖ్య పడిపోతున్నా అధికారుల పని తగ్గలేదు. జంతువు తగ్గుతోంది, కాపలా కాలం పెరుగుతోంది.

ఆకలితో వచ్చిన, ప్రాణం తీయగల జంతువు పక్కన మనుషులు బతకగలరని చర్చిల్ చేసి చూపించింది. అందుకు చెత్తను మూసిపెట్టాలి, ఫోను ఎత్తే మనిషుండాలి, తుపాకీకి ముందు పది మార్గాలు వెతికే ఓర్పుండాలి. అక్కడి అధికారులు ఒక్కో ఎలుగును అక్టోబరు నుంచి నవంబరుకు, ప్రాణాలతో, ఎవరి ప్రాణమూ తీయకుండా దాటిస్తున్నారు. వాళ్ల చేతుల్లో లేనిది ఒక్కటే, సముద్రాన్ని గడ్డకట్టించడం. అది బొగ్గునూ చమురునూ మండించే దేశాలన్నిటి చేతుల్లో ఉంది. వాటిలో మన దేశమూ ఉంది. 870 మంది ఉన్న ఊరు తన వంతు చేసింది. ఇక బాకీ ఉన్నది మిగతా మనమందరం.