జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్

డాక్టరేటు పట్టమునకై పరిశోధన సాగింపదలచిన విద్యార్థికి, ఆ దీర్ఘకాలమున జీవికకై అన్యుల నాశ్రయింపవలసిన అవస్థ లేకుండ, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ప్రతిమాసమును ఒసగు ఉపకారవేతనమిది. భౌతిక, రసాయన, జీవ, గణిత, భూవిజ్ఞాన శాస్త్రములకు సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్ష ద్వారము, ఆరోగ్యరంగమునకు ఐ.సి.ఎం.ఆర్. సంస్థ ఫెలోషిప్ నొసగును. ఇంజనీరింగు వారికి గేట్ పరీక్ష ప్రధానమార్గము. 31,000 రూపాయలుగ నున్న నెలసరి మొత్తము 2023 జనవరి 1 నుండి 37,000 అయినది. రెండేండ్ల పిమ్మట, జరిగిన కృషిని నిపుణులు పరిశీలించి తృప్తిచెందినచో, సీనియర్ హోదాతో 42,000 లభించును. ఇంటి అద్దె భత్యము అదనము. పేదయింటి బిడ్డలకు ఈ సొమ్ము నెల తప్పక చేరుట, దాని పరిమాణమంత ముఖ్యమని నా దృఢవిశ్వాసము. అయితే ఫెలోషిప్‌నకు అర్హత లభించినంతమాత్రమున పిహెచ్‌.డి. ప్రవేశము లభించినట్లు కాదు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి ప్రయోగశాలనో, విశ్వవిద్యాలయమునో, అందొక మార్గదర్శకునో అభ్యర్థియే ఆ అర్హత చెల్లు గడువులోపల వెదకికొనవలెను.