అద్దాల లిఫ్టులో... భయానికి మందు!

మేడమీంచి కిందికి చూస్తేనే కొందరికి కాళ్లు వణుకుతాయి. ఆ భయం పోగొట్టడానికి క్లినికల్ సైకాలజిస్టులు ఎప్పట్నుంచో చేస్తున్న పని... భయపడే చోటికే మెట్టు మెట్టుగా తీసుకెళ్లడం. పారిపోకుండా నిలబడితే భయం మెల్లగా తగ్గుతుంది. కానీ ప్రతి ఒక్కరినీ మేడలూ వంతెనలూ ఎక్కించడం కుదిరే పనేనా?

ఆ చిక్కు తీర్చింది కంప్యూటర్. 1990ల్లో అమెరికాలోని అట్లాంటాలో సైకాలజిస్టు బార్బరా రోత్‌బామ్, కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ హాడ్జెస్‌తో కలిసి వర్చువల్ రియాలిటీలో అద్దాల లిఫ్టు, బాల్కనీలు, వంతెనలు సృష్టించారు. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు, గది దాటకుండానే పైకి వెళ్లొచ్చు! చికిత్స తీసుకున్నవారిలో భయం తగ్గిందని 1995లో ప్రకటించారు. ఇక్కడ సైకాలజిస్టుకూ కొత్త విద్య కావాలి. ఒక కన్ను తెరమీద, మరో కన్ను మనిషిమీద ఉంచి, 'ఇప్పుడు భయం నూటికి ఎంత?' అని అడుగుతూ పై అంతస్తుకు పంపాలి.

2018లో మరో మలుపు. ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ బృందం వందమందితో ప్రయోగం చేసింది. అందులో దాదాపు సగం మందికి హెడ్‌సెట్‌లో కనిపించే బొమ్మ గురువే ధైర్యం చెప్పి నడిపించింది. చికిత్స లేనివారితో పోలిస్తే వాళ్లలో భయం బాగా తగ్గింది.

మరి సైకాలజిస్టుకు ఇక పనేముంది? ఉంది. వచ్చిన మనిషిని వేధిస్తున్నది నిజంగా ఎత్తు భయమేనా, లేక ఎవరికీ చెప్పుకోలేని దిగులా? అది తేలాకే హెడ్‌సెట్. అందుకే రేపటి సైకాలజీ విద్యార్థులు మీటలు నొక్కడంతోపాటు, ఎదుటివారి మాట ఓపిగ్గా వినడమూ నేర్చుకోవాల్సిందే!