వార్తల్లో పదం: కన్నీటి సంచి క్యాన్సర్

ఏడిస్తే ముక్కు ఎందుకు కారుతుంది? కంటి లోపలి మూలన ఉన్న చిన్న సంచి గుండా కన్నీరు ముక్కులోకి జారుతుంది కాబట్టి. ఈ సంచికి క్యాన్సర్ రావడం చాలా అరుదు. వస్తే ఎక్కువగా స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకమే.

బాధేమిటంటే, మొదట్లో కన్ను ఊరికే నీరు కారుతుందంతే. దారి మూసుకుపోయిందనుకుని నెలల తరబడి చుక్కల మందుతో సరిపెట్టుకుంటారు. రుమాలుకు నెత్తుటి మరక అంటినా, కంటి మూలకు కాస్త పైన గట్టి గడ్డ వేలికి తగిలినా వెంటనే స్కాన్, బయాప్సీ చేయించాలి.

సంచినీ, దాన్నుంచి ముక్కులోకి వెళ్లే నాళాన్నీ, వ్యాధి సోకితే పక్క ఎముకనూ తీసేస్తారు. తరచూ రేడియేషన్, అవసరమైతే కీమో కూడా ఇస్తారు. సంచి దాటకముందే పట్టుకుంటే కోలుకునే అవకాశం మెరుగు. మెడ గ్రంథులకు పాకితే కష్టం. కొందరిలో ఏళ్ల తర్వాత తిరగబెడుతుంది, అందుకే పరీక్షలు చాలాకాలం సాగుతాయి.